పంచె పరదా... అట్టపెట్టె స్టూడియో!

మంచి ఫొటోకి ఖరీదైన కెమెరా ఉండాలంటారు చాలామంది. అంతకన్నా ముందు ఉండాల్సింది మంచి వెలుతురు. దాన్ని షాపులో కొనాల్సిన పనిలేదు. ఓ తెల్ల పంచె, థర్మాకోల్ షీటు, ఖాళీ అట్టపెట్టె ఉంటే ఇంట్లోనే చేసుకోవచ్చు. సత్యజిత్ రే సినిమాకి పనికొచ్చిన చిట్కా మన హాల్లో పనికిరాకుండా పోతుందా!

రాత్రి తొమ్మిదైంది. వంటిల్లు సర్దేసి, పిల్లల్ని పడుకోబెట్టి, మంచం మీద కొత్త చీర పరిచిందో ఇల్లాలు. ట్యూబ్‌లైటు కింద నిలబడి సెల్‌ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసి వాట్సప్ గ్రూపులో పెట్టింది. తెల్లారేసరికి ఆర్డరొచ్చింది. సంబరంగా పార్సిల్ కట్టి పంపింది. మూడోరోజు ఫోను... 'ఫొటోలో మెరూన్‌లా ఉందండీ, చేతికొస్తే టమాటా ఎరుపు. వెనక్కి తీసుకోండి' అని. చీర తిరిగొచ్చింది. రానూపోనూ కొరియరు ఖర్చులు తన నెత్తినే పడ్డాయి. నమ్మకమూ కాస్త సడలింది.

ఇంటిపట్టున ఉండి చీరలూ నగలూ పచ్చళ్లూ బొమ్మలూ అమ్ముకునేవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన కథే. వెంటనే తట్టే ఆలోచన- 'మంచి ఫోను కొనాలేమో!' ఆ తర్వాత ఎవరో చెబుతారు, 'స్టూడియో లైట్లు కొనండి' అని. వాటి ధర విన్నాక ఉత్సాహం నీరుగారిపోతుంది. నిజానికి తప్పు ఫోనుదీ కాదు, తీసినవాళ్లదీ కాదు. ఆ వెలుతురుది!

కన్ను మోసపోతుంది... కెమెరా పట్టిస్తుంది

మిట్టమధ్యాహ్నం ఎండ తీవ్రత సుమారు లక్ష లక్స్. రాత్రిపూట మన హాల్లో ట్యూబ్‌లైటు వెలుగు సాధారణంగా వందా, రెండొందల లక్స్‌కి మించదు. అంటే కొన్ని వందల రెట్ల తేడా! అయినా మనకు ఇబ్బందిగా ఉండదు. కంటిపాప పెద్దదవుతుంది, మెదడు సర్దుకుంటుంది. కెమెరాకి ఆ సౌకర్యం లేదు. వెలుతురు చాలకపోతే ఉన్నదాన్నే పెంచి చూపిస్తుంది. దాంతోపాటే ఫొటో నిండా ఇసుక చల్లినట్టు గరుకుదనం వచ్చేస్తుంది.

రంగు సంగతీ అంతే. పాతకాలపు ఫిలమెంటు బల్బు వెలుగు పసుపుపచ్చగా ఉంటుంది. దాన్ని కెల్విన్ లెక్కలో చెబితే సుమారు 2,700. మధ్యాహ్నపు ఎండ 5,500 దరిదాపుల్లో ఉంటుంది. 'కూల్ డేలైట్' పేరుతో అమ్మే ఎల్‌ఈడీ బల్బు 6,500. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలంవైపు జరుగుతుందన్నమాట. తెల్ల కాగితాన్ని ఏ దీపం కింద చూసినా మనకు తెల్లగానే కనిపిస్తుంది. కెమెరా మాత్రం రంగుని ఊహించుకోవాలి. ఫొటో నిండా ఎర్రచీరే ఉంటే 'ఇక్కడి వెలుతురే ఎర్రగా ఉందేమో' అనుకుని ఎరుపుని తగ్గించేస్తుంది. చీర రంగు మారిపోయేది అక్కడే.

ఒకవైపు కిటికీలోంచి పగటి వెలుగు, మరోవైపు పసుపు బల్బు ఉంటే మరీ కష్టం. సగం చీర నీలంగా, సగం పసుపుగా! దాన్ని ఏ కెమెరా సరిచేయలేదు. అందుకే వెలుతురు విషయంలో మొదటి సూత్రం- అన్నీ ఒకే రంగువి వాడాలి, మిగతావి ఆర్పేయాలి. దీనికి పైసా ఖర్చులేదు.

కలకత్తాలో కాశీ ఆకాశం

సొంతంగా వెలుతురు తయారుచేసుకోవడం పేదవాళ్ల సర్దుబాటు అనుకుంటే పొరపాటే. మనదేశంలో గొప్ప ఛాయాగ్రాహకులు చేసిన పనే అది.

సత్యజిత్ రే 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టినప్పుడు చేతిలో డబ్బు లేదు. భార్య నగలు తాకట్టుపెట్టాల్సివచ్చింది. కెమెరా పట్టిన సుబ్రత మిత్రాకి అప్పుడు 21 ఏళ్లు. మామూలు ఫొటోలు తీయడం తప్ప సినిమా కెమెరా నడిపిన అనుభవం లేదు. ఆ సినిమా 1955లో వచ్చింది. ఆ వెంటనే దాని కొనసాగింపుగా 'అపరాజితో' మొదలైంది. అందులో అపూ కుటుంబం కాశీలో ఓ పాత ఇంట్లో ఉంటుంది. మధ్యలో ముంగిలి, చుట్టూ గదులు. అచ్చం మన మండువా లోగిలి లాంటిదే. అలాంటి ఇంట్లో పగటిపూట వెలుతురు పైనుంచి మెత్తగా దిగుతుంది. ఎక్కడా కరుకైన నీడలు పడవు.

వానల భయంతో ఆ ఇంటిని కలకత్తా స్టూడియోలో సెట్ వేయాల్సివచ్చింది. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్తా. స్టూడియో లైట్లేమో సూటిగా పడతాయి, ఒక్కో దీపానికీ ఒక్కో నీడ. 'ఆ ముంగిలి వెలుతురుని సెట్లో తీసుకురాలేం' అన్నాడు మిత్రా. కానీ సెట్ తప్పలేదు. మరేం చేయాలి? ముంగిలి మీద ఆకాశం ఉండాల్సిన చోట చట్రానికి తెల్లగుడ్డ బిగించి కట్టించాడు. లైట్లను కిందనుంచి ఆ గుడ్డ మీదికి కొట్టించాడు. గుడ్డకు తగిలి తిరిగి కిందకు జారిన వెలుతురు అచ్చం కాశీ పగటివెలుగులా పరచుకుంది! 1956లో విడుదలైన ఆ సినిమా చూసినవాళ్లకు అది సెట్టన్న అనుమానమే రాదు. 'బౌన్స్ లైటింగ్' అని ఇప్పుడు ప్రతి ఫొటోగ్రాఫరూ చెప్పే పద్ధతి అదే. కావాల్సింది ఓ తెల్లగుడ్డ!

వీకే మూర్తిదీ ఇలాంటి కథే. గురుదత్ 'కాగజ్ కే ఫూల్' (1959)లో స్టూడియో చీకట్లోకి పైనుంచి ఓ పెద్ద వెలుగు కిరణం దిగుతుంది. హిందీ సినిమాను ఇష్టపడేవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే దృశ్యం. అంత ఒద్దికైన కిరణం స్టూడియో లైట్లతో రాదు. మూర్తి రెండు పెద్ద అద్దాలు తెప్పించాడు. బయట ఎండలో ఒకటి, లోపల ఎత్తులో ఒకటి. మొదటి అద్దం సూర్యుణ్ని పట్టి లోపలికి విసిరింది, రెండోది దాన్ని కిందకు వంచింది. చిన్నప్పుడు అద్దంముక్కతో ఎదురింటి గోడమీద ఎండపొడ ఆడించని పిల్లలుంటారా! ఆ ఆటే అక్కడ చరిత్రయింది. 2008 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం మూర్తికి దక్కింది. ఆ గౌరవం అందుకున్న తొలి ఛాయాగ్రాహకుడు ఆయనే.

గుడ్డు చెప్పే పాఠం

వెలుతురు సంగతి అర్థం కావడానికి లావు పుస్తకాలు అక్కర్లేదు. ఒక కోడిగుడ్డు చాలు. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పేసి, తెల్ల కాగితం మీద గుడ్డు పెట్టండి. పక్కనుంచి టేబుల్‌ లైటు వేయండి. గుడ్డుకి ఒకవైపు తెల్లగా, రెండోవైపు నల్లగా ఉంటుంది. కాగితం మీద నీడ కత్తితో కోసినట్టు పడుతుంది. ఇప్పుడు బల్బుకీ గుడ్డుకీ మధ్యలో ట్రేసింగ్ పేపరు పట్టుకోండి. నీడ అంచులు కరిగిపోతాయి. కాగితాన్ని గుడ్డుకి దగ్గరగా జరపండి, ఇంకా మెత్తబడుతుంది. దూరంగా, బల్బు వైపు జరిపితే మళ్లీ నీడ గట్టిపడుతుంది.

ఎందుకలా? గుడ్డు వైపునుంచి చూస్తే వెలుగు వచ్చే చోటు ఎంత పెద్దగా కనిపిస్తే నీడ అంత మెత్తన. సూర్యుడు ఎంతో పెద్దవాడే, కానీ దూరాన ఉండటంతో మనకు చిన్న బిళ్లలా కనిపిస్తాడు. అందుకే ఎండలో నీడలు కరుకు. మబ్బు పడితే ఆకాశమంతా దీపమైపోతుంది, నీడలు మాయం. ఖరీదైన సాఫ్ట్‌బాక్సులు చేసేపనీ ఇదే- చిన్న దీపాన్ని పెద్దది చేయడం.

ఇప్పుడు గుడ్డుకి నల్లగా ఉన్న వైపు ఓ తెల్లకాగితం నిలబెట్టండి. ఆ చీకటి భాగం నెమ్మదిగా తేరుకుంటుంది. అది రిఫ్లెక్టర్. చివరిగా ఇంకొక్కటి. చిన్న బల్బుని రెండడుగుల దూరం నుంచి నాలుగడుగులకు జరిపితే వెలుగు సగమవుతుందనుకుంటాం. కాదు, నాలుగోవంతుకి పడిపోతుంది. కాబట్టి వెలుతురు చాలడంలేదంటే ఇంకో బల్బు కొనకముందు ఉన్నదాన్ని దగ్గరకు జరిపి చూడాలి.

ఇంతే. ఇక చేసేదంతా ఈ పాఠానికి పొడిగింపే.

అట్టపెట్టెలో స్టూడియో

నగలు, బొమ్మలు, పచ్చడి సీసాలు... ఇలా చిన్న వస్తువుల కోసం ఇది. టీవీయో మిక్సీయో వచ్చిన అట్టపెట్టె ఒకటి తీసుకోవాలి. అడుగున్నర నుంచి రెండడుగులుంటే మేలు. మూత ఉన్నవైపు మన ఎదురుగా వచ్చేలా పడుకోబెట్టాలి. కుడి, ఎడమ, పైభాగాల్లో చుట్టూ రెండంగుళాల అంచు వదిలి కిటికీల్లా కోయాలి. వాటికి బయటనుంచి ట్రేసింగ్ పేపరు సాగదీసి అతికించాలి. ట్రేసింగ్ పేపరు లేకపోతే వంటింటి బటర్ పేపరైనా సరే.

లోపల తెల్ల చార్టు పెట్టడంలోనే ఉంది కిటుకు. వెనకగోడ పైఅంచుకి చార్టుని అంటించి, మడత పడకుండా వంపు తిప్పుతూ ముందుకు జార్చాలి. మూల కనిపించకపోతే నేలెక్కడ, గోడెక్కడ అన్నది తెలియదు. వస్తువు గాలిలో తేలినట్టు కనిపిస్తుంది. రెండువైపులా ఒకేరకం టేబుల్‌ లైట్లు పెట్టాలి. రెండూ సమానదూరంలో ఉంటే వస్తువు చదునుగా కనిపిస్తుంది. ఒకటి దగ్గరగా, ఒకటి కాస్త వెనక్కి ఉంటే గుండ్రదనం తెలుస్తుంది. కొండపల్లి బొమ్మ ముక్కూ మూతీ తీరుగా రావాలంటే ఆ చిన్న తేడా ఉండాల్సిందే.

పెంబర్తి ఇత్తడి సామాను, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ లాంటి మెరిసే వస్తువులతో ఇంకో చిక్కుంది. అవి అద్దాల్లాంటివి. ఎదురుగా ఏముంటే అదే వాటిలో కనిపిస్తుంది. గదిలో సీలింగ్ ఫ్యానూ, ఫోను పట్టుకున్న చెయ్యీ కూడా! అందుకే వాటిని అట్టపెట్టెలో పెట్టాక ముందుభాగాన్నీ తెల్ల కాగితంతో మూసేసి, కెమెరా కన్ను పట్టేంత రంధ్రం మాత్రం వదలాలి. మరీ తెల్లబోయి కనిపిస్తే పక్కన సన్నటి నల్లకాగితం ముక్క నిలబెడితే చాలు. అంచులు గీత గీసినట్టు తేలతాయి. గాజు సీసాలకూ ఇదే వైద్యం.

పంచె పరదా, ఇసుక బకెట్

మనుషుల ఫొటోలకీ, చీరలకీ పెట్టె చాలదు. ఇక్కడ సుబ్రత మిత్రా చిట్కా పనికొస్తుంది. ముప్పావంగుళం పీవీసీ పైపులు, నాలుగు ఎల్బోలతో నాలుగడుగుల చట్రం బిగించుకోవాలి. ఎల్బోలకు జిగురు పెట్టకపోతే పని అయ్యాక విప్పి మంచం కింద పడేయొచ్చు. దానిమీద పలచటి తెల్ల పంచెను బట్టల క్లిప్పులతో బిగించాలి. పంచెకు నీలిమందు పెట్టకూడదు. వెలుతురు నీలంగా వస్తుంది. వాడివాడి పాతబడిన పంచె కాస్త పసుపు ఛాయ ఇస్తుంది. కాబట్టి కొత్తదే మేలు.

చట్రం వెనక రెండడుగుల దూరంలో దీపం పెడితే గుడ్డంతా వెలిగి పెద్ద కిటికీలా మారిపోతుంది. మనిషిని దాని పక్కన కూర్చోబెట్టి, రెండోవైపు థర్మాకోల్ షీటు పెడితే చాలు. సినిమా షూటింగుల్లోనూ ముఖాల మీద నీడలు తీయడానికి లైట్‌బాయ్‌లు పట్టుకునేది ఆ థర్మాకోలే. ఎండలో తీస్తుంటే అదే పంచె చట్రాన్ని నెత్తికి పైన పట్టుకోవాలి. మొహం మీద చెట్లనీడలూ కళ్లకింద నల్లటి గుంటలూ పోతాయి.

స్టాండు కావాలా? ఖాళీ పెయింటు బకెట్లో నిలువుగా పైపు పెట్టి, చుట్టూ ఇసుకగానీ సిమెంటు కాంక్రీటుగానీ నింపితే గాలివాటుకి పడిపోని స్టాండు సిద్ధం. పైన బరువు పెరిగేకొద్దీ కింద బరువు పెంచాలి.

పాస్‌పోర్టు ఫొటో ఇంట్లోనే తీసుకోవాలనుకునేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. గోడకు ఆనుకుని నిలబడతారు. వెనక నల్లటి నీడ! మూడు నాలుగడుగులు ముందుకు జరిగితే ఆ నీడ చట్రంలోంచి తప్పుకుంటుంది. కళ్లజోడు మెరుస్తుంటే దీపాన్ని ఎత్తుకి జరపాలి.

చీర సంగతి వేరు. మొహానికి నీడలు తగ్గించాలి. నేతకి నీడలు కావాలి! దీపాన్ని చీరకు ఎదురుగా పెడితే బుటాలూ జరీ కలిసిపోయి కాగితంలా కనిపిస్తుంది. పక్కనుంచి, ఏటవాలుగా, తక్కువ ఎత్తు నుంచి వేస్తే ఒక్కో పోగూ లేచి కనిపిస్తుంది. అందుకే ఉదయం పూట వరండాలో పక్కవాటుగా పడే వెలుతురులో తీసిన చీర ఫొటోలు అంత బాగుంటాయి.

బల్బులో చూడాల్సింది వాట్లు కాదు

చాలామంది 'ఎన్ని వాట్లు?' అని అడుగుతారు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాదాపు 60 వాట్ల పాత బల్బంత వెలుగిస్తుంది. ఫొటోలకి అంతకన్నా ముఖ్యమైన అంకె ఒకటి డబ్బామీద చిన్న అక్షరాల్లో ఉంటుంది- సీఆర్ఐ. ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే మార్కులవి. నూటికి నూరు ఎక్కువ. పాత ఫిలమెంటు బల్బుకు దాదాపు నూరు వచ్చేవి. మామూలు ఎల్‌ఈడీలకు 80 దరిదాపుల్లో ఉంటాయి. ఆ తగ్గిన మార్కులు ఎక్కువగా పోయేది ముదురు ఎరుపులోనే! కుంకుమ, మెరూన్, పెళ్లిచీర ఎరుపు... మనకు అత్యవసరమైనవి అవే. 90 దాటిన బల్బు దొరికితే కాస్త ఎక్కువ పెట్టి అయినా అదే కొనాలి. అన్ని బల్బులూ ఒకే కంపెనీవి, ఒకే కెల్విన్‌వి ఉండాలి.

కొన్ని చవక ఎల్‌ఈడీల కింద తీస్తే ఫొటోలో నల్లటి అడ్డగీతలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అలాంటి బల్బు సెకనుకి వందసార్లు మిణుకుమంటుంది. కంటికి తెలియకపోయినా కెమెరాకి దొరికిపోతుంది. షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో మారిస్తే చాలావరకూ పోతాయి. ఫోను కెమెరాలో 'ప్రో' మోడ్ ఉంటే అందులో ఆ వీలుంటుంది.

ఇక రంగు సరిచూసుకోవడానికి ఓ సులువైన పద్ధతి. తీసే వస్తువు పక్కన ఓ తెల్ల కాగితం పెట్టి మొదటి ఫొటో తీయండి. కాగితం ఫొటోలోనూ తెల్లగా ఉంటే రంగులు చాలావరకూ దారిలో ఉన్నట్టే. నీలంగానో పసుపుగానో ఉంటే వైట్ బ్యాలెన్స్ మార్చుకోవాలి. కొనేవాళ్లకు ఆ కాగితం ఉన్న ఫొటో కూడా పంపితే ఇంకా మంచిది.

ఇక్కడ మాత్రం పొదుపు వద్దు

గుడ్డా అట్టా కాగితం థర్మాకోల్... వాడేవన్నీ ఇట్టే అంటుకునేవే. కాబట్టి కొన్ని విషయాల్లో రాజీ పడకూడదు.

* పెళ్లి వీడియోలకు ఒకప్పుడు వాడిన హాలోజన్ లైట్లు ఇంట్లో మూలన పడి ఉండొచ్చు. వాటిని గుడ్డకో కాగితానికో దగ్గరగా పెట్టొద్దు. నిమిషాల్లో నిప్పంటుకోవచ్చు. ఇంటి పరికరాలకు ఎల్‌ఈడీయే సరి. దానికీ కాగితానికీ మధ్య జానెడు ఖాళీ, గాలి పోయే దారి ఉండాలి.

* స్టీలు గిన్నెకో రేకు డబ్బాకో రంధ్రం చేసి హోల్డరు బిగించేవాళ్లున్నారు. మెరుపు బాగానే వస్తుంది. కానీ లోపల తీగ తెగి లోహానికి తగిలితే షాకే. ఎర్త్ తీగ కలపడం రాకపోతే లోహం జోలికి పోవద్దు. ప్లాస్టిక్ హోల్డరు, ఐఎస్ఐ గుర్తున్న తీగ వాడాలి. బల్బు మార్చేటప్పుడు స్విచ్ కట్టడం చాలదు, ప్లగ్గు పీకేయాలి.

* 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీలతో ప్యానెల్ చేసుకునేవాళ్లు అడాప్టరు లెక్క చూసుకోవాలి. పట్టీ మొత్తం 60 వాట్లు లాగుతుంటే అడాప్టరు 72 వాట్లన్నా ఉండాలి. పట్టీని అట్టమీద కాక అల్యూమినియం రేకు మీద అతికిస్తే వేడి తగ్గి ఎక్కువకాలం వస్తుంది.

* పాడైన కెమెరా ఫ్లాష్‌ని విప్పి ఏదో చేద్దామనుకోవద్దు. లోపలి కెపాసిటర్లో 300 వోల్టుల దాకా దాగి ఉంటుంది. బ్యాటరీలు తీసేసినా అది అక్కడే ఉండొచ్చు. పిల్లల చేతికి అసలే ఇవ్వొద్దు.

* థర్మాకోల్‌ని అతికించడానికి చెప్పులు, రబ్బరు అతికించే ఘాటు జిగురు వాడితే అది కరిగిపోతుంది. తెల్ల జిగురు చాలు.

చీర మళ్లీ తీస్తే...

ఇవన్నీ చేసినా ఖరీదైన లైట్లతో సమానమవుతాయా? కొన్నింట్లో కావు. పరుగెత్తే పిల్లల్ని కదలకుండా పట్టాలన్నా, పెళ్లి మండపమంతా వెలిగించాలన్నా మంచి ఫ్లాష్ ఉండాల్సిందే. ఫొటోలు తీయడమే వృత్తి అయినవాళ్లకు మడతపెట్టి బండిమీద వేసుకుపోయే పరికరాలు అవసరం. కానీ కదలని వస్తువు, కుదురుగా కూర్చున్న మనిషి... ఈ రెండింటికీ వెలుతురు ఏ షాపులోంచి వచ్చిందన్నది కెమెరా అడగదు.

అందుకే ఆ ఇల్లాలు చీరను ఈసారి పగలు పదింటికి తీస్తే చాలు. కిటికీ పక్కన చీర వేలాడదీసి, ఎండ నేరుగా పడకుండా పంచె కట్టి, రెండోవైపు థర్మాకోల్ నిలబెట్టి, హాల్లో లైట్లన్నీ ఆర్పేసి, పక్కన ఓ తెల్ల కాగితం పెట్టి! పగలు తీరిక లేదంటే రాత్రికి ఆ కిటికీ స్థానంలో పైపుల చట్రం, దాని వెనక సీఆర్ఐ 90 దాటిన బల్బు. టమాటా ఎరుపు టమాటా ఎరుపులాగే వెళుతుంది. మెరూన్ కావాలనుకున్నవాళ్లు కొనరు. ఎరుపు నచ్చినవాళ్లు కొంటారు, తిప్పి పంపరు.

ఈ ఆదివారం ఇంట్లో కోడిగుడ్డు ఉంటే, కూరలో వేసేముందు ఓ పది నిమిషాలు టేబుల్‌ లైటు కింద పెట్టి చూడండి. సగం పాఠం అక్కడే అయిపోతుంది.